ఎముకను కరిగించేది మన కణాలే

రొమ్ము క్యాన్సర్ ఎముకకు పాకిందంటే ఆ కణాలే ఎముకను కొరికేస్తున్నాయని అనుకుంటాం. వాటికి అంత శక్తి లేదు. ఆ పని అవి మన సొంత కణాలతో చేయిస్తాయి.

ఎముకలో నిత్యం రిపేరు నడుస్తూనే ఉంటుంది. ఆస్టియోక్లాస్టులు పాత ఎముకను కరిగిస్తాయి, ఆస్టియోబ్లాస్టులు కొత్తది కడతాయి. మజ్జలో చేరిన క్యాన్సర్ కణం పీటీహెచ్‌ఆర్‌పీ అనే ప్రోటీన్ వదులుతుంది. దాని ప్రభావంతో కట్టే కణాలే ర్యాంక్‌ఎల్ అనే సంకేతాన్ని ఎక్కువగా పంపి, కరిగించే కణాలను ఉసిగొల్పుతాయి. అక్కడితో ఆగినా బాగుండేది. ఎముక కరిగేకొద్దీ అందులో నిల్వ ఉన్న టీజీఎఫ్-బీటా వంటి, పెరుగుదలను ప్రేరేపించే ప్రోటీన్లు బయటికొచ్చి క్యాన్సర్ కణానికి ఊతమిస్తాయి. అది మళ్లీ పీటీహెచ్‌ఆర్‌పీ వదులుతుంది. 1889లోనే లండన్ సర్జన్ స్టీఫెన్ పాజెట్, ఈ జబ్బుతో చనిపోయిన 735 మంది వివరాలు తిరగేసి, విత్తనం లాంటి క్యాన్సర్ కణం తనకు సరిపడే నేల లాంటి అవయవంలోనే మొలుస్తుందన్నాడు. ఆ నేల లోపల ఏం జరుగుతోందో తెలియడానికి వందేళ్లు పట్టింది.

తెలిశాక మందులొచ్చాయి. జోలెడ్రోనిక్ యాసిడ్ ఆస్టియోక్లాస్టులను దెబ్బతీస్తుంది, డెనోసుమాబ్ ర్యాంక్‌ఎల్‌ను అడ్డుకుంటుంది. ఇవి ట్యూమర్‌ను నేరుగా చంపవు కాబట్టి చాలామంది వీటిని అదనపు ఇంజెక్షన్లుగానే చూస్తారు. నా దృష్టిలో అది పొరపాటు. తొడ ఎముక విరిగి మంచం పట్టిన మనిషికి కీమో ఇవ్వడమే కష్టమవుతుంది. జోలెడ్రోనిక్ యాసిడ్‌ను నెలనెలా కాకుండా 12 వారాలకోసారి ఇచ్చినా ఎముకకు అంతే రక్షణ ఉంటుందని 2017లో వెలువడిన పెద్ద అధ్యయనం తేల్చింది. మొదలుపెట్టే ముందు పళ్లు మాత్రం చూపించుకోవాలి. ఈ మందులతో అరుదుగానైనా దవడ ఎముక చచ్చుబడుతుంది.

అసలు ఇబ్బంది ఇంకాస్త ముందే మొదలవుతుంది. ఐదేళ్లు దాటితే గండం గడిచినట్టేనని మనవాళ్ల నమ్మకం. హార్మోన్ రిసెప్టర్లున్న, అంటే ఈస్ట్రోజెన్ వంటి హార్మోన్లతో పెరిగే రొమ్ము క్యాన్సర్‌కు ఆ లెక్క వర్తించదు. పది, పదిహేనేళ్లకు కూడా తిరగబెట్టవచ్చు, అదీ తరచుగా ఎముకలోనే. అప్పుడొచ్చిన నడుంనొప్పికి "వయసు పైబడింది కదమ్మా" అని బామ్ రాసి పంపేస్తాం. పడుకున్నా తగ్గని నొప్పి, రాత్రి నిద్రలేపే నొప్పి ఉంటే పాత జబ్బు సంగతి డాక్టరుకు చెప్పి స్కాన్ అడగాలి. కాళ్లు మొద్దుబారినా, మూత్రం పట్టు తప్పినా తెల్లారేదాకా ఆగకూడదు. వెన్నుపాము నలిగిపోతుంటే కాళ్లను కాపాడుకోవడానికి గంటలే మిగులుతాయి. విపరీతమైన దాహం, మలబద్ధకం, మతిలేని మాటలు కలిసి కనిపిస్తే, కరిగిన ఎముకలోని కాల్షియం రక్తంలో పెరిగిందేమో పరీక్షించాలి.

నొప్పికి రేడియేషన్ బాగా పనిచేస్తుంది. ఎముక విరగకుండా, వెన్నుపాము నలగకుండా ఉంటే, ఒక్కసారి ఇచ్చే 8 గ్రే (రేడియేషన్‌ను కొలిచే యూనిట్) మోతాదు పది రోజుల కోర్సుతో సమానంగా ఉపశమనం ఇస్తుంది. కొందరికి తర్వాత మళ్లీ ఇవ్వాల్సి రావచ్చు. అయినా ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ వచ్చి, పది రోజులు లాడ్జిలో ఉండాల్సిన కుటుంబానికి ఆ ఒక్కరోజు వైద్యం ఉందని ముందే చెప్పాలి.