మా నాలాకు నంబర్ ఏది?

భద్రాచలంలో చిన్నపిల్లాడిని అడిగినా చెబుతాడు. గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులైలో నీళ్లు 71.3 అడుగులదాకా వచ్చాయి. ఇళ్లు మునిగాయి, నష్టం తక్కువేం కాదు. కానీ వేలమందిని ముందే పునరావాస కేంద్రాలకు చేర్చారు. ఎప్పుడు కదలాలో చెప్పే లెక్క అక్కడ ఉంది కాబట్టే అది కుదిరింది.

మరి మన వరంగల్, హనుమకొండలో? నయీంనగర్ నాలా, బొందివాగు ఎంత ఎత్తుకు వస్తే ఏ గల్లీ ఖాళీ చేయాలి? నేను అడిగిన వాళ్లెవరూ చెప్పలేకపోయారు. ఫోన్‌కు మాత్రం మెసేజ్ వస్తుంది: 'జిల్లాలో అతి భారీ వర్షాలు, అప్రమత్తంగా ఉండండి.' వాతావరణ శాఖ లెక్కలో అతి భారీ అంటే 24 గంటల్లో 115.6 నుంచి 204.4 మిల్లీమీటర్లు. సరే సార్, తెలిసింది. ఇప్పుడు నేనేం చేయాలి? స్కూటర్ మెయిన్ రోడ్డు మీద పెట్టి రావాలా, మంచం మీదున్న ముసలావిడను చుట్టాలింటికి పంపాలా? జిల్లా మొత్తానికి ఒకే అప్రమత్తత అంటే ఎవరికీ ఏమీ చెప్పనట్టే.

పెద్ద నదికైతే టైం ఉంటుంది. ఎగువన ఎంత వస్తుందో చూసి కిందివాళ్లకు చెప్పొచ్చు. వాగు అట్లా కాదు, రాత్రి పడ్డ వాన తెల్లారేసరికి గడపలో ఉంటుంది. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అప్పుడే భూపాలపల్లి జిల్లాలో మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగింది. జనం చెట్లెక్కారు, డాబాలెక్కారు. హెలికాప్టర్లు వచ్చి కాపాడాయి. వాటికి దండం పెట్టాల్సిందే. కానీ హెలికాప్టర్ దాకా వచ్చిందంటే, అంతకుముందు చేయాల్సిన పనులన్నీ ఎక్కడో ఆగిపోయినట్టే కదా. 2025 అక్టోబర్‌లో మొంథా తుపానుకు హనుమకొండ, వరంగల్ కాలనీల్లో మళ్లీ నడుముల్లోతు నీళ్లు. మళ్లీ పడవలు, మళ్లీ పులిహోర పొట్లాలు, మళ్లీ నాయకుల పరామర్శలు.

'కబ్జాలు తీస్తే అన్నీ సర్దుకుంటాయి' అంటారు చాలామంది. తీయాల్సిందే, నాకూ కోపమే. అయితే కోర్టు కేసులు తెగి, నాలా వెడల్పు అయ్యేదాకా మబ్బులు ఆగవు. ఈలోపు వచ్చే వానకు ఏం చేద్దామో చెప్పండి.

చేయలేనిదేం కాదు. ఏజెన్సీ ఊళ్లలో వానాకాలం ముందే గర్భిణుల లిస్టు తీస్తారు. ప్రసవం దగ్గరపడ్డ వాళ్లను వాగు పొంగకముందే ఆస్పత్రికి దగ్గరగా చేరుస్తారు. ఆ లిస్టు ఆశా కార్యకర్త చేతిలో ఉంటుంది, పేరూ ఇల్లూ తేదీతో సహా. ఎవరు, ఎప్పుడు, ఎక్కడికి అని ముందే రాసి ఉంది కాబట్టి ఆ పని జరుగుతుంది. సిటీలో నడవలేని వాళ్లకూ, డయాలసిస్ వాళ్లకూ అదే లిస్టు ఎందుకుండదు?

మా దగ్గర ఒకసారి మాక్ డ్రిల్ పెట్టారు. పట్టపగలు పదకొండింటికి, మంచి ఎండలో. బ్యానర్ కట్టారు, లైఫ్ జాకెట్ వేసుకుని ఫొటో దిగారు, చాయ్ తాగి పోయారు. మా పక్కింటి కాక ఒక్కటే అడిగాడు: "సారూ, నీళ్లొచ్చేది రాత్రిపూట, కరెంటు తీస్తరు. కమ్యూనిటీ హాల్ తాళం ఎవరి దగ్గరుంటది?" ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత మేమే వాకబు చేస్తే, ఆ తాళం ఉన్నాయన వేరే కాలనీకి మారాడని తేలింది.

2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లాకో ప్రణాళిక ఉండాలి, ఏటా దాన్ని సరిచూసి, కావాల్సిన మార్పులు చేయాలి. జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు కలెక్టరే చైర్మన్. ఆ ప్రణాళికలో మా కాలనీ పేజీ చూపించమని ఒక ఆఫీసులో అడిగితే, 'అది మీకెందుకండీ' అన్నారు. మునిగేది మేము కాబట్టి అండీ!

నేను కొత్త యాప్ అడగట్లేదు, కోట్ల టెండర్ అడగట్లేదు. ప్రతి నాలా కల్వర్టు గోడ మీద మూడు గీతలు గీయండి. పసుపు గీతకు బండ్లు, కాగితాలు, ఇన్వర్టర్ బ్యాటరీ పైకి. నారింజకు ముసలివాళ్లు, పిల్లలు బయటికి. ఎరుపుకు అందరూ. గీత చూసి రాత్రిపూట ఫోన్ చేసే బాధ్యత ఇద్దరు మనుషులకు, ఒకరు లేకపోతే ఇంకొకరు. మైకు ఉన్న గుడి, మసీదు, చర్చి వాళ్లతో ముందే మాట. ఏడాదికోసారైనా చీకట్లో, లైట్లు తీసేసి ప్రాక్టీస్.

రంగు డబ్బాలు మేమే కొనుక్కుంటాం. ఏ ఎత్తులో గీయాలో మాత్రం పాత వరదల లెవెల్స్ చూసి మున్సిపల్ ఇంజినీర్ చెప్పాలి, అది మా ఊహతో చేసే పని కాదు. శివనగర్, రామన్నపేట, సంతోషిమాత కాలనీ వాళ్లు ఎవరైనా కలిసి అర్జీ పెడదామంటే కామెంట్‌లో చెప్పండి. మీ గోడ మీద పోయినసారి నీటి మరక ఇంకా ఉంటే, సున్నం వేయకముందే టేపుతో కొలిచి ఫొటో తీసి పెట్టండి. అర్జీకి అదే జత చేద్దాం.