విదేశాల్లో వ్యాన్ ఎక్కే ముందు సీట్లు లెక్కపెట్టండి

మన దగ్గర కారు లైసెన్స్ ఉన్న మనిషి టెంపో ట్రావెలర్ స్టీరింగ్ పట్టుకుంటే ఎవరూ వింతగా చూడరు. తిరుమలకో శ్రీశైలానికో ఇంటిల్లిపాదీ బయల్దేరినప్పుడు, డ్రైవర్ అలిసిపోయాడంటే బావమరిది కాసేపు నడపడం మామూలే. అదే బావమరిది లండన్‌లో ఉన్న చెల్లెలి ఇంటికి వెళ్లి, హైదరాబాద్ లైసెన్సూ ఆర్టీఏ ఆఫీసులో తీసుకున్న ఇంటర్నేషనల్ పర్మిట్టూ జేబులో పెట్టుకుని, అందరినీ స్కాట్లాండ్ తిప్పుదామని 12 సీట్ల వ్యాన్ నడిపితే మాత్రం అక్కడి చట్టం ప్రకారం ఆ బండికి లైసెన్స్ లేకుండా నడిపినట్టే లెక్క. ఈ సంగతి చాలామందికి తెలియదు, తెలియజెప్పాల్సినవాళ్లు చెప్పడం లేదు. మా అభ్యంతరం అక్కడే.

తేడా ఎక్కడ వస్తోందంటే, మన చట్టం బండి బరువు చూస్తుంది. 7,500 కిలోల లోపు బండి ఏదైనా లైట్ మోటార్ వెహికలే. ఎల్‌ఎంవీ లైసెన్స్ ఉన్నవాళ్లు ఆ బరువు లోపు ట్రాన్స్‌పోర్ట్ బండిని కూడా వేరే ఎండార్స్‌మెంట్, అంటే లైసెన్స్ మీద అదనపు అనుమతి, లేకుండా నడపొచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబర్ 6న తేల్చి చెప్పింది. ఆటోలు, క్యాబ్‌లు, చిన్న గూడ్స్ బళ్ల మీద బతికే లక్షల మందికి ఆ తీర్పు పెద్ద ఊరట, దాన్ని మేము అప్పుడూ స్వాగతించాం, ఇప్పుడూ స్వాగతిస్తున్నాం. కానీ ఆ తీర్పు మన సరిహద్దు దాటి పనిచేయదు. బయట చాలా దేశాలు బరువుతో పాటు సీట్లు కూడా లెక్కపెడతాయి.

ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ పుస్తకాన్నే తెరిచి చూడండి. 1949 జెనీవా ఒప్పందం ప్రకారం ఇచ్చే ఆ పుస్తకంలో ఏ నుంచి ఈ దాకా ఐదు తరగతులుంటాయి. కారుకు వర్తించేది బీ. డ్రైవర్ సీటు కాకుండా ఎనిమిది సీట్లు, అంతవరకే. తొమ్మిదో ప్యాసింజర్ సీటు ఉందంటే ఆ బండి డీ తరగతిలోకి వెళ్లిపోతుంది, బస్సు అన్నమాట. మీ పుస్తకంలో బీ ఎదురుగా మాత్రమే ముద్ర ఉంటే, వెయ్యి రూపాయల ఫీజు కట్టి తెచ్చుకున్న ఆ పర్మిట్ మినీబస్సుకు పనికిరాదు. అసలు ఆ పర్మిట్ కొత్తగా ఏ హక్కూ ఇవ్వదు, మీ లైసెన్స్‌లో ఏముందో పరాయి దేశం పోలీసుకు అర్థమయ్యేలా చెబుతుందంతే. ఒరిజినల్ లైసెన్స్ పక్కన లేకపోతే దానికి విలువే లేదు.

బ్రిటన్ సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే మనవాళ్లు ఎక్కువగా పొరబడేది అక్కడే. భారతీయ లైసెన్స్‌తో వెళ్లినవాళ్లు అక్కడ 12 నెలల పాటు కారు, బైకు లాంటి చిన్న బళ్లు నడపొచ్చు. అద్దెకు తీసుకునే వ్యానయితే ఎనిమిది ప్యాసింజర్ సీట్లకు మించకూడదు, 3.5 టన్నులు దాటకూడదు. కాబట్టి డ్రైవర్ సీటుతో కలిపి తొమ్మిది సీట్ల వ్యాన్ దాకా బరువు సరిపోతే ఇబ్బంది లేదు, పన్నెండు సీట్లదయితే కుదరదు. పన్నెండు సీట్ల బండిలో ఏడుగురమే ఎక్కాం కదా అంటే ఒప్పుకోరు, ఎక్కిన మనుషుల్ని కాదు, బండిలో ఉన్న సీట్లని చూస్తారు. ఇంకో తిరకాసు ఉంది. 1997 జనవరి 1కి ముందు బ్రిటన్‌లో కారు టెస్టు పాసైనవాళ్లకు, డబ్బు తీసుకోకుండా నడిపేట్టయితే 16 మంది ప్యాసింజర్ల మినీబస్సు దాకా నడిపే డీ1 అర్హత లైసెన్స్‌తో పాటే వచ్చింది. ఆ తర్వాత పాసైనవాళ్లకు అది లేదు. డెబ్బైల్లో, ఎనభైల్లో గుంటూరు నుంచో వరంగల్ నుంచో వెళ్లి అక్కడ స్థిరపడ్డ పెద్ద డాక్టరుగారు వ్యాన్ నడపొచ్చు, అక్కడే పుట్టి పెరిగి, 1997 తర్వాత టెస్టు పాసైన ఆయన కొడుకు నడపకూడదు. ఆ పెద్దాయనకు కూడా డెబ్బై ఏళ్లు నిండాక మెడికల్ పాసైతేనే ఆ అర్హత కొనసాగుతుంది. సేవా సంస్థల వాలంటీర్లకు మామూలు కారు లైసెన్స్‌తోనే మినీబస్సు నడిపే సడలింపు ఒకటి ఉంది గానీ అది బ్రిటన్ దాటితే చెల్లదు. పిల్లల్ని ఎక్కించుకుని పారిస్ వెళ్దామనుకునే బడులు, గుడుల కమిటీలవాళ్లు ఈ ఒక్క ముక్క గుర్తుంచుకుంటే చాలా చిక్కులు తప్పుతాయి.

అమెరికాలో ఫెడరల్ నిబంధన ప్రకారం డ్రైవర్‌తో కలిపి 16 మందికి తయారైన బండి నుంచి కమర్షియల్ లైసెన్స్ కావాలి. అందుకే చాలా రాష్ట్రాల్లో 15 మంది పట్టే వ్యాన్‌ను మామూలు లైసెన్స్‌తో నడుపుతారు. కాలిఫోర్నియా మాత్రం డ్రైవర్‌తో కలిపి పది మంది పట్టే బండి దాకానే అని గీత గీసింది. బే ఏరియాలో కారు లైసెన్స్ తీసుకుని, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని, అత్తమామల్ని పెద్ద వ్యాన్‌లో యోసెమిటీ తీసుకెళ్దామనుకునే కుర్రాళ్లు దీన్ని చూసుకోవాలి. ఆస్ట్రేలియాలో కారు లైసెన్స్‌కు డ్రైవర్‌తో సహా 12 సీట్లు. సింగపూర్‌లో క్లాస్ 3కి ఏడుగురు ప్యాసింజర్లే. ఒక దేశంలో డ్రైవర్‌ని కలుపుకుని లెక్కేస్తారు, ఇంకో దేశంలో వదిలేసి లెక్కేస్తారు, ఈ గందరగోళంలో ఒక్క సీటు తేడాతో దొరికిపోయేవాళ్లున్నారు.

రెంటల్ కౌంటర్‌లో తాళాలు ఇచ్చారు కదా, కుదరకపోతే వాళ్లే చెప్పేవాళ్లు కదా అనేది మామూలుగా వినిపించే వాదన. తాళాలు ఇచ్చినంత మాత్రాన అర్హత రాదు. ప్రమాదం జరిగిన రోజు ఇన్సూరెన్స్ కంపెనీ ముందు అడిగేది డ్రైవర్‌కు ఈ తరగతి బండి నడిపే లైసెన్స్ ఉందా అనే. లేదు అన్నదే జవాబయితే ఆస్పత్రి బిల్లులు, బండి నష్టం, అవతలివాళ్ల పరిహారం అన్నీ నెత్తి మీద పడతాయి. బ్రిటన్‌లో ఇన్సూరెన్స్ లేకుండా నడిపితే అక్కడికక్కడే వేసే జరిమానాయే 300 పౌండ్లు, దానితో పాటు ఆరు పెనాల్టీ పాయింట్లు, కేసు కోర్టుకు వెళ్తే ఇంకా ఎక్కువ.

ఇదంతా కాగితాల గొడవే అనుకోవద్దు. నిండుగా మనుషుల్ని, పైన సామాన్లని ఎక్కించిన పెద్ద వ్యాన్ కారులా తిరగదు, కారులా ఆగదు. 15 మంది పట్టే వ్యాన్‌లో పది మంది, అంతకు మించి ఉంటే బోల్తా పడే ముప్పు దాదాపు మూడింతలవుతుందని అమెరికా రహదారి భద్రతా సంస్థ 2001లోనే హెచ్చరించింది. సీట్ల లెక్క వెనుక ఉన్నది ఈ ప్రాణభయమే. అందుకే ఆ నిబంధనలు మరీ కఠినమని మేము అనడం లేదు. వాటిని మనవాళ్లకు అర్థమయ్యే భాషలో ముందే చెప్పండి అంటున్నాం.

టూరిస్టుల కన్నా మాకు ఎక్కువ బాధ కలిగించేది గల్ఫ్‌కు వెళ్లే డ్రైవర్ల పరిస్థితి. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల, కడప నుంచి డ్రైవర్ పనికని వెళ్లినవాళ్లు మన లైసెన్స్‌తో అక్కడ ఉద్యోగం చేయలేరు, అక్కడి లైసెన్స్ తీసుకోవాల్సిందే. యూఏఈలో కారుకు లైట్ వెహికల్ లైసెన్స్ వేరు, లైట్ బస్ లైసెన్స్ వేరు. కారు లైసెన్స్ మాత్రమే ఉన్న కుర్రాడిని పట్టుకుని, ఇవాళ ఒక్కరోజే, క్యాంపు నుంచి సైటుకు కూలీల వ్యాన్ తీసుకెళ్లు అని సూపర్‌వైజర్ అంటే, అప్పు చేసి వచ్చినవాడు కాదనగలడా? ప్రమాదంలో ఎవరైనా చనిపోతే అక్కడ దియా, అంటే మృతుడి కుటుంబానికిచ్చే పరిహారం, కింద కట్టాల్సింది 2 లక్షల దిర్హమ్‌లు. ఇన్సూరెన్స్ కంపెనీ ముందు చెల్లించినా, సరైన లైసెన్స్ లేదన్న కారణంతో ఆ సొమ్ము తిరిగి వసూలు చేయడానికి రావచ్చు. ఆ మాట చెప్పి పంపిన సూపర్‌వైజర్ చేతులు దులుపుకుంటాడు, కేసు డ్రైవర్ మీదే నడుస్తుంది.

కేంద్రం 2022 ఆగస్టులో ఇంటర్నేషనల్ పర్మిట్‌ను దేశమంతా ఒకే నమూనాకు తెచ్చింది, క్యూఆర్ కోడ్ పెట్టింది, మన తరగతులు అంతర్జాతీయ ఒప్పందాల్లోని తరగతులతో ఎలా సరిపోతాయో చూపే పట్టిక కూడా చేర్చింది. మంచి పని. కానీ ఆ పట్టిక అధికారుల కోసం. పర్మిట్ చేతికిచ్చేటప్పుడే, మీరు ఎనిమిది ప్యాసింజర్ సీట్ల దాకానే నడపగలరు, వెళ్లే దేశంలో ఇంకా తక్కువ ఉండొచ్చు అని తెలుగులో రాసిన ఒక్క కాగితం రెండు రాష్ట్రాల రవాణా శాఖలూ ఇవ్వాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, బడ్జెట్టూ అక్కర్లేదు. గల్ఫ్‌కు వెళ్లే డ్రైవర్ల ఉద్యోగ ఒప్పందంలో డ్రైవర్ అని ఒక్క మాట రాసి వదిలేయకుండా ఏ తరగతి బండి నడపాలో, ఆ లైసెన్స్ ఖర్చు ఎవరిదో రాయించాలి. విదేశీ ఉద్యోగాలకు వెళ్లేవాళ్ల కోసం కేంద్రం నడిపే ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో నమోదయ్యే ఒప్పందానికి ఈ రెండు గడులు చేర్చడం పెద్ద పనేం కాదు. విదేశీ ఉద్యోగాలు చూసే తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్, ప్రవాసాంధ్రుల కోసం ఉన్న ఏపీఎన్‌ఆర్‌టీ పూనుకుని కేంద్రాన్ని అడగాలి, వెళ్లే ముందు ఇచ్చే శిక్షణలో ఈ విషయం మీద ఒక గంటైనా కేటాయించాలి. వేసవి సెలవులకు విదేశాల్లో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లేవాళ్లకు మేము చెప్పేది ఒకటే. బుక్ చేసే ముందు బండిలో మొత్తం ఎన్ని సీట్లో అడగండి, మీ లైసెన్స్, పర్మిట్ రెండూ ఫోటో తీసి రెంటల్ కంపెనీకి పంపి, ఈ బండికి చెల్లుతుందని రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి, ఆ దేశ రవాణా శాఖ వెబ్‌సైట్‌లో కూడా ఒకసారి సరిచూసుకోండి. కుదరదని తేలితే రెండు కార్లు తీసుకోండి, లేదా బండితో పాటు డ్రైవర్‌ని మాట్లాడుకోండి.