కుండ బిర్యానీకీ మట్టి కప్పు టీకీ లేని మహిమలు అంటగట్టకండి

మట్టి పాత్రల గురించి ఒక వాట్సాప్ మెసేజ్ ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంది. ఈ మధ్య హోటళ్లు కూడా దాన్ని పట్టుకున్నాయి. కుండ బిర్యానీ బోర్డుల మీద, మట్టి కప్పుల టీ కొట్ల ముందు, రీల్స్‌లో అదే సరుకు. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: ప్రెషర్ కుక్కర్‌లో వండితే 87 శాతం పోషకాలు పోతాయట, ఇత్తడిలో 7 శాతం, కంచులో 3 శాతం పోతాయట, మట్టిలో మాత్రం నూటికి నూరు పాళ్లూ నిలుస్తాయట. మట్టికి క్షార గుణం ఉంది కాబట్టి మట్టి కప్పులో టీ తాగితే ఎసిడిటీ రాదట. మట్టిలోని 18 సూక్ష్మ పోషకాలు వంటలోకి దిగుతాయట. మట్టి దేనితోనూ చర్య జరపదట, దానికి క్రిములు పట్టవట. పారేస్తే మళ్లీ మట్టిలో కలిసిపోతుందట. పైగా ప్రతి కప్పూ ఒక కుమ్మరి ఇంటికి కూడు పెడుతుందట.

దాకలో కాచిన చేపల పులుసు, చట్టిలో తోడేసిన పెరుగు రుచి ఎరిగినవాళ్లకు మట్టి పాత్ర గొప్పతనం ఎవరూ చెప్పక్కర్లేదు. నాకు పేచీ ఆ పాత్రతో కాదు, దాని పేరు చెప్పి పంచుతున్న ఈ లెక్కలతో.

ముందు ఆ 87 శాతం సంగతి. దేంట్లో 87 శాతం? మాంసకృత్తుల్లోనా, ఇనుములోనా, సి విటమిన్‌లోనా? వండింది కందిపప్పా, తోటకూరా? ఎంతసేపు వండారు, ఎన్ని నీళ్లు పోశారు, ఆ నీళ్లు వార్చేశారా? మెసేజ్‌లో ఇవేవీ ఉండవు, అంకె ఒక్కటే ఉంటుంది. ఇనుము, కాల్షియం లాంటివి మూలకాలు. వంటింటి మంటకు అవి కాలి మాయం కావు, మహా అయితే వార్చిన నీళ్లతో పోతాయి. పప్పులోని మాంసకృత్తులు ఉడికాక ఎక్కడికీ వెళ్లవు, సరిగ్గా ఉడికితే ఇంకా తేలిగ్గా అరుగుతాయి. వేడికి నిజంగా దెబ్బతినేవి సి విటమిన్, ఫోలేట్, థయమిన్ లాంటి కొన్ని విటమిన్లు. అవి ఎంత పోతాయన్నది ముఖ్యంగా వేడి మీద, సమయం మీద, నీళ్ల మీద ఆధారపడుతుంది. కుక్కర్‌లో వేడి దాదాపు 120 డిగ్రీలకు వెళ్తుంది, నిజమే. కానీ పప్పు నిమిషాల్లో ఉడుకుతుంది, నీళ్లు కూడా తక్కువే పడతాయి. కుండలో నీళ్లు 100 డిగ్రీల దగ్గరే మరుగుతాయి కానీ వంట చాలాసేపు సాగుతుంది. ఆ రెండింటికీ మధ్య నూటికి 87 పాళ్ల తేడా ఉందనడం, మన దేశంలో కుక్కర్ పప్పు తినే ఇళ్లన్నీ వట్టి పిప్పి తింటున్నాయనడమే.

పాత్ర వల్ల తేడా రానే రాదని కాదు. కళాయి లేని రాగి, ఇత్తడి గిన్నెలో చింతపండు పులుసు పెడితే రాగి పులుసులోకి దిగుతుంది, సి విటమిన్ కూడా త్వరగా పాడవుతుంది. మన పెద్దవాళ్లు కళాయి వేయించింది అందుకే. ఈ మాట చెప్పి ఉంటే మెసేజ్‌కు కాస్త విలువ ఉండేది.

హోటల్ దగ్గరికొచ్చేసరికి ఈ చర్చ ఇంకా వింతగా తయారవుతుంది. మీ టేబుల్ మీదికొచ్చిన కుండ బిర్యానీ ఆ కుండలోనే వండిందని ఎందుకు అనుకుంటున్నారు? వందల మందికి వడ్డించే చోట, ఆర్డర్ ఇచ్చిన పది నిమిషాల్లో ఒక్కో ప్లేటుకు ఒక్కో కుండ పొయ్యి మీద పెట్టి దమ్ వేయడం కుదిరే పని కాదు. చాలా చోట్ల పెద్ద డేక్సాలో వండి, కుండలోకి ఎత్తి, మూతకు ఫాయిలో పిండో అంటించి, కాసేపు వేడి చేసి తెస్తారు. ఇందులో మోసం ఏమీ లేదు, వడ్డించే తీరు అది. వేడి ఎక్కువసేపు నిలుస్తుంది, మూత తీయగానే వాసన గుప్పుమంటుంది, ఫోటో బాగా వస్తుంది. కానీ వంట మాత్రం అల్యూమినియంలోనో స్టీలులోనో ఎప్పుడో అయిపోయింది. పోషకాలు పోవాల్సి ఉంటే అక్కడే పోయాయి, కుండలోకి ఎత్తితే తిరిగి రావు. నిజంగా మట్టిలో వండేది చూడాలంటే పూరీ జగన్నాథుడి వంటశాల ఉంది. అక్కడ మహాప్రసాదం మట్టి కుండల్లోనే ఉడుకుతుంది. కేరళలో కల్లు దుకాణాల చేపల కూర కూడా మట్టి చట్టిలోదే. హోటల్లో అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: వండింది ఇందులోనా, పోసింది ఇందులోనా?

క్షార గుణం వాదన తేల్చడానికి ప్రయోగశాల అక్కర్లేదు. మట్టి ఆమ్లాన్ని విరిచేసేదే అయితే కుండలో పెట్టిన చేపల పులుసు తెల్లారేసరికి చప్పబడాలి. మనం మాత్రం రాత్రి పులుసు పొద్దున ఇంకా బాగుంటుందని దాచుకుంటాం. చట్టిలో పెరుగు పులవకూడదు. అది ఎంత పులుస్తుందో వేసవిలో అందరికీ తెలుసు. కాల్చిన మట్టి ఎక్కువగా సిలికా, అల్యూమినా. అది టీలో కరిగి కడుపులోకి వెళ్లి ఆమ్లాన్ని తగ్గించేంత జరగదు. పాలు కలిపిన టీ ఎలాగూ అంత పుల్లని పదార్థం కాదు. జీర్ణాశయంలోని ఆమ్లం దానికంటే వేల రెట్లు ఘాటైంది. మట్టి కప్పులో తాగిన టీ పడలేదంటే టీయే పడలేదని అర్థం.

మట్టి కప్పు నిజంగా ఇచ్చేది వాసన. గ్లేజ్ (గాజులాంటి పైపూత) లేని కప్పులో వేడి టీ పోయగానే సన్నని రంధ్రాల్లోకి కొంత ఇంకుతుంది, తొలకరి వాసన లాంటిది లేస్తుంది. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో కాల్చిన మట్టి నుంచి ఆ వాసనను ఆవిరిగా పట్టి గంధపు నూనెలోకి ఎక్కించి అత్తరు చేస్తారు. 1964లో ఇద్దరు ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు వాన పడ్డ నేల వాసన మీద పరిశోధన ప్రచురించినప్పుడు ఈ భారతీయ అత్తరును కూడా ప్రస్తావించారు. ఇంత మంచి సంగతి చేతిలో ఉండగా ఎసిడిటీ కథ ఎందుకో!

ఇక మట్టి దేనితోనూ చర్య జరపదన్నదీ, అందులోంచి 18 పోషకాలు వంటలోకి దిగుతాయన్నదీ ఒకే మెసేజ్‌లో పక్కపక్కనే ఉన్నాయి. రాసినవాళ్లు రెండూ కలిపి ఒకసారి చదివినట్టు లేరు. ఏమీ దిగకపోతే పోషకాలూ దిగవు. దిగుతాయనుకుంటే, మనకు పనికొచ్చేవే ఏరుకుని దిగవు. సీసం, ఆర్సెనిక్ లాంటివి ఆ మట్టిలో ఉంటే అవీ దిగొచ్చు. ఆవంలో (కుండలు కాల్చే బట్టీలో) కాల్చితే క్రిములు చస్తాయి గానీ లోహాలు పోవు. మట్టి ఏ చెరువుది, పైనుంచి ఏ ఫ్యాక్టరీ నీళ్లు ఆ చెరువులోకి వస్తున్నాయి అన్నది అందుకే ముఖ్యం.

అంతకంటే దగ్గర్లో ఉన్న ప్రమాదం పాత్ర లోపలి మెరుపు. మన ఊళ్లలో కుమ్మరులు చేసే వంట కుండలకు గ్లేజ్ ఉండదు. ఎరుపు రంగు మట్టిలోని ఇనుము వల్ల వస్తుంది. ఆవంలో గాలి ఆడకుండా మూసి పొగపెడితే అదే కుండ నల్లగా దిగుతుంది. రెండూ మంచివే. హోటళ్ల కోసం వచ్చే గిన్నెల్లో మాత్రం కొన్ని లోపల గాజులా తళతళలాడుతుంటాయి. తక్కువ వేడికి కరిగే గ్లేజ్‌లలో సీసం వాడటం పాత అలవాటు. అలాంటి గ్లేజ్ సరిగ్గా కాలకపోతే చింతపండు, నిమ్మ, టమాటా, పెరుగు తగిలినప్పుడు సీసం తిండిలోకి దిగుతుంది. పిల్లల మెదడుకు సీసం ఎంత చేటో కొత్తగా చెప్పక్కర్లేదు. మెరిసేవన్నీ విషమే అనడం లేదు, సీసం లేని గ్లేజ్‌లు కూడా ఉన్నాయి. కానీ పులుపు వడ్డించే గిన్నె లోపల మెరుస్తుంటే అది ఎక్కడిదో, పరీక్ష చేయించారో లేదో అడిగే హక్కు తినేవాళ్లకు ఉంది. కప్పు అంచుల మీద రంగుల ముగ్గులు వేసినా అంతే, పెదవి తగిలేది సరిగ్గా అక్కడే.

క్రిములు పట్టవన్న మాట నాకు అన్నిటికంటే కోపం తెప్పిస్తుంది, ఎందుకంటే దాన్ని నమ్మి హోటళ్లు కుండల్ని కడిగి మళ్లీ వాడతాయి. గ్లేజ్ లేని కుండ ఒళ్లంతా రంధ్రాలే. నీళ్లు చల్లబడేది ఆ రంధ్రాల వల్లే: నీరు బయటికి చెమ్మగిల్లి, ఆవిరై, వేడిని పట్టుకుపోతుంది. (విశాఖ ఉక్కపోతలో కంటే రామగుండం పొడి ఎండలో కుండ నీళ్లు బాగా చల్లబడేదీ అందుకే.) నీళ్లు బయటికొచ్చే దారిలోనే నూనె, మసాలా, పెరుగు లోపలికి పోతాయి. అంట్ల సబ్బు కూడా పోతుంది, తర్వాతి వేడికి తిరిగి కూరలోకి వస్తుంది. ఇంట్లో అయితే కొత్త కుండను నీళ్లలో నానబెట్టి, గంజి కాచి అలవాటు చేస్తాం. ఆ గంజి రంధ్రాలను కొంతవరకు పూడుస్తుంది. వాడాక వేడినీళ్లతో, పీచుతో తోమి, ఎండలో బోర్లించి, పూర్తిగా ఆరాకే మళ్లీ వాడతాం. పెరుగు చట్టి వేరు, పులుసు దాక వేరు. రాత్రి పదకొండింటికి గుట్టలుగా అంట్లు పడే హోటల్ వంటగదిలో ఈ మర్యాదలన్నీ జరుగుతాయని నేను అనుకోను. తడి ఆరని కుండలో బూజు పట్టడానికి ఎంతోసేపు పట్టదు.

సంప్రదాయం పేరెత్తేవాళ్లు సంప్రదాయం ఏం చేసిందో కూడా చూడాలి. తిరుమలలో శ్రీవారికి దద్దోజనం రోజూ కొత్త ఓటి కుండలో నివేదిస్తారు. పూరీలోనూ వంట కుండ నిన్నటిది ఇవాళ వాడరు. ఉత్తరాది కుల్హడ్, బెంగాల్ భాఁడ్ అనే మట్టి కప్పులు కూడా ఒకసారి తాగి పారేసేవే. బెంగాల్ మిష్టి దొయ్ (తీపి పెరుగు), శ్రీలంక గేదె పెరుగు మట్టి చట్టిలోనే అమ్ముడవుతాయి, ఆ చట్టి దుకాణానికి తిరిగి రాదు. అతిథి ముందు పెట్టే మట్టి పాత్రను ఒక్కసారికే వాడాలన్నది ఈ దేశాల్లో పాత మర్యాద. దాని వెనుక అంటు, మైల పట్టింపులూ ఉన్నాయి, వాటిని నేను వెనకేసుకు రావడం లేదు. శుభ్రత వైపు నుంచి చూసినా లెక్క అక్కడికే వస్తుంది. హోటల్ మళ్లీ వాడదలచుకుంటే అందుకు గాజు, స్టీలు, పింగాణీ ఉన్నాయి. హైదరాబాద్ ఇరానీ చాయ్ కప్పు-సాసర్‌లో ఏ లోటూ లేకుండానే బతుకుతోంది.

ఒకసారే వాడి పారేస్తే మట్టిలో కలిసిపోతుంది కదా అంటారు. కలవదు. పచ్చి కుండ వానకు కరుగుతుంది, కాల్చిన కుండ కరగదు. 500, 600 డిగ్రీలు దాటాక మట్టి కణాల్లో బంధించి ఉన్న నీరు పోయి వాటి నిర్మాణమే మారిపోతుంది. దాన్ని మళ్లీ నానబెట్టి సారె (కుమ్మరి చక్రం) మీద పెట్టలేం. కోటిలింగాల, ధూళికట్ట లాంటి శాతవాహనుల నాటి చోట్ల రెండు వేల ఏళ్ల పెంకులు ఇంకా దొరుకుతున్నాయి. హరప్పా పెంకుల వయసు అంతకు రెట్టింపు. పురావస్తు శాఖ వాళ్లు కాలం కట్టడానికి వాటిని నమ్ముకునేదే అవి కలిసిపోవు కాబట్టి. చిల్లపెంకు విషం కాదు, ప్లాస్టిక్‌లా ఆవుల పొట్టలో చేరదు, ఆ మేరకు మేలే. నలగ్గొట్టి కొత్త మట్టిలో కలపొచ్చు, సున్నంలో సుర్కీలా (ఇటుక పొడిలా) వాడొచ్చు. కానీ అలా ఏరేవాళ్లు ఎవరు? రోజుకు వేల కప్పులు పోయే చోట పెంకుల గుట్ట పెంకుల గుట్టే.

కాల్చడానికి కట్టెలో, పిడకలో, బొగ్గో కావాలి. కాగితపు కప్పు కంటే మట్టి కప్పు చాలా బరువు, లారీలో దారిపొడవునా పగులుతుంది కూడా. ఇక్కడ మెసేజ్ పక్షాన ఒక మాట చెప్పాలి: కాగితపు కప్పు కూడా అమాయకమైంది కాదు. దాని లోపల పల్చని ప్లాస్టిక్ పొర ఉంటుంది. ఐఐటీ ఖరగ్‌పూర్ పరిశోధకులు అలాంటి కప్పులో వేడి నీళ్లు పోసి 15 నిమిషాలు ఉంచితే, 100 మిల్లీలీటర్లలోకి దాదాపు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు చేరాయని తేల్చారు. 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ కప్పులు, ప్లేట్ల మీద నిషేధం వచ్చాక హోటళ్లు వేరే దారి వెతకడం సహజమే. కడిగి వాడే గ్లాసు కుదరని చోట, దగ్గర్లో తయారైన మట్టి కప్పు కాగితపు కప్పు కంటే నయమని నేనూ ఒప్పుకుంటాను. దూరాన్నుంచి లారీల మీద వచ్చే కప్పుకు ఆ మాట వర్తించదు.

చివరిది కుమ్మరి కూడు. ఇది అబద్ధం అనను, సగం నిజం. 2004లో లాలూ ప్రసాద్ రైల్వే మంత్రిగా ఉన్నప్పుడు స్టేషన్లలో మట్టి కప్పులు పెట్టించారు. కొన్నేళ్లకే చాలా చోట్ల అవి కనబడకుండా పోయాయి. 2019లో వారణాసి, రాయబరేలీ స్టేషన్లతో మళ్లీ మొదలుపెట్టారు. 2020 నవంబర్‌లో అప్పటి రైల్వే మంత్రి పీయూష్ గోయల్ అన్ని స్టేషన్లలోనూ తెస్తామన్నారు. ప్రకటనలు వచ్చినంత సులువుగా ఆర్డర్లు నిలబడవు. ఒక్కో కప్పు మీద కుమ్మరికి మిగిలేది పైసల్లో ఉంటే, మట్టి తవ్వకం, కట్టెల ఖర్చు, ఆవంలో పగిలినవి, రవాణాలో పగిలినవి అన్నీ అతని నెత్తినే పడతాయి. కుమ్మరికి ఒక ఏడు, గుదియకు (దుడ్డుకర్రకు) ఒక పెట్టు అన్నారు కదా. పెద్ద ఆర్డరు వచ్చిందంటే అచ్చుల మీద యంత్రంతో కప్పులు దించేవాళ్లకో, మధ్యలో వ్యాపారికో పోతుంది తప్ప ఊళ్లో సారె తిప్పే మనిషి దాకా రాదు. కుండ పేరు చెప్పి బిర్యానీ రేటు పెంచిన హోటల్, ఆ పెంపులో ఎంత కుమ్మరికి చేరుతోందో బోర్డు మీద రాస్తే నేను మారుమాట్లాడకుండా చెల్లిస్తాను.

అన్నట్టు, ఆ కుండ ఇంటికి తెచ్చుకుంటే గ్యాస్ మంట మీద పెట్టకండి. చాలావరకు అవి వడ్డనకు చేసిన పల్చని కుండలు, నేరుగా మంట తగిలితే పగులుతాయి. అడుగున కన్నం వేస్తే తులసి మొక్కకు సరిపోతుంది.