చందమామలో ఉన్న ‘చ’ చంద్రుడిలో లేదు

ఆగస్టు 29, తెలుగు భాషా దినోత్సవం వచ్చిందంటే చాలు, మా కుటుంబం గ్రూపులో తెల్లారకముందే ఆ మెసేజ్ దిగుతుంది. ‘ప్రపంచ లిపుల్లో కొరియన్ మొదటిది, తెలుగు రెండోది. గర్వంగా షేర్ చేయండి.’ దాని వెనకే ఇంకోటి: ‘రాసింది రాసినట్టు పలికే భాష మనది.’ ఈసారి కూడా వచ్చాయి. పెట్టింది మా బాబాయ్. ఆయనకు తెలుగంటే ప్రాణం, అందులో నాకు ఏ అనుమానమూ లేదు. అందుకే అక్కడ వాదన పెట్టుకోలేదు. కానీ కడుపులో ఉన్నది ఎక్కడో ఒకచోట చెప్పుకోవాలి కదా.

ముందు ఆ రెండో మెసేజ్ సంగతి. అమెరికాలో ఉన్న మా తమ్ముడి కూతురికి శనివారాలు వీడియో కాల్‌లో తెలుగు చెప్తుంటాను. ఎనిమిదేళ్ళ పిల్ల. మొన్న ‘చందమామ’ అని చదవమంటే, ‘చెట్టు’లో ఉన్న చ పెట్టి చదివింది. "అలా కాదు బంగారం, ఇలా అనాలి" అని నేను పలికి చూపించాను. మళ్ళీ చెట్టులో చ. మళ్ళీ నేను. నాలుగోసారికి విసుగొచ్చి, "అత్తా, నువ్వనేది వేరే లెటర్. బుక్‌లో అది లేదు" అంది.

నాకు నోట మాట రాలేదు. పిల్ల చెప్పింది అక్షరాలా నిజం.

మీరూ ఒకసారి పైకి అని చూడండి. చేప, చాప. చెలి, చలి. మా కృష్ణా జిల్లాలో చాప, చలి అనేటప్పుడు నాలుక కొస పైపళ్ళ వెనక తగులుతుంది, దాదాపు ‘త్స’లాగా. చేప, చెలి అనేటప్పుడు నాలుక మధ్యభాగం అంగిలికి ఆనుతుంది. రాసేది ఒకటే చ, పలికేవి రెండు. జ కూడా అంతే: జెండాలో జ వేరు, జున్నులో జ వేరు. అచ్చతెలుగు మాటల్లో ఇ, ఈ, ఎ, ఏ ముందు అంగిలి చ వస్తుంది, అ, ఆ, ఉ, ఊ, ఒ, ఓ ముందు పళ్ళ చ వస్తుంది. మనకెవరూ ఈ సూత్రం చెప్పలేదు. అమ్మ నోట విని పట్టేసుకున్నాం.

నాకు ఒళ్ళు పులకరించేది ఆ తర్వాతి సంగతికి. చంద్రుడు, చందమామ రెండూ ‘చంద్ర’ అనే సంస్కృత పదం నుంచే వచ్చాయి. చంద్రుడు పుస్తకాల దారిలో వచ్చాడు కాబట్టి సంస్కృతం చ అలాగే నిలబడింది. చందమామ జనం నోళ్ళలో నలిగి నలిగి, అన్నం ముద్దలతో పాటు పిల్లల దగ్గరికి వచ్చింది. ఆ దారిలో తెలుగు చ పట్టుకుంది. సంస్కృతంలో జట, తెలుగులో జడ. జటలో జ అంగిలిది, జడలో జ పళ్ళది. ఏ మాట ఏ దారిన మన ఇంట్లోకి వచ్చిందో నిఘంటువు తెరవకుండానే నాలుకకు తెలుసు. అసలు గర్వపడాల్సిన విషయం ఇది. ఏ ఫార్వర్డులోనూ ఇది ఉండదు!

మన పెద్దలు దీన్ని పట్టించుకోకుండా ఏమీ లేరు. పాత నిఘంటువుల్లో పళ్ళ చ, జలకు పైన చిన్న ౨ లాంటి గుర్తు పెట్టేవారు: ౘ, ౙ. 2008లో ఇవి ఫోన్లు, కంప్యూటర్లు వాడే అక్షరాల పట్టిక యూనికోడ్‌లోకి కూడా వచ్చాయి. నా ఫోన్ కీబోర్డులో మాత్రం ఎంత వెతికినా దొరకలేదు. ఈ రెండూ వేరేచోట నుంచి కాపీ చేసి తెచ్చుకున్నాను. బడి పుస్తకంలో ఆ గుర్తు లేదు, టీవీలో చాలామంది ‘చాలా’ అనే మాటను చెట్టులో చతో పలుకుతున్నారు. పిల్లలకు వినపడేది అదే. ‘రాసినట్టే పలుకుతాం’ అని వందసార్లు చెప్పుకుంటే చివరికి జరిగేది ఇదే. అక్షరంలో కనిపించని ధ్వని తప్పనుకుని వదిలేస్తారు.

హల్లులే కాదు, అచ్చుల సంగతీ అంతే. ‘వచ్చాడు’ తీసుకోండి. చ మీద ఉన్నది దీర్ఘం, అంటే ‘ఆ’. కానీ కోస్తాలో మనం ‘ఆ’ అంటామా? ‘ఆ’కీ ‘ఏ’కీ మధ్య, ఇంగ్లీషు ‘బ్యాట్’లో వినపడే ధ్వనిని సాగదీస్తాం. దానికి అక్షరం లేదు. ఉత్తరాంధ్ర రచయితలు కొందరు ‘వచ్చేడు’ అని రాస్తారు, వాళ్ళ చెవి వాళ్ళకు అలా చెప్పింది. తెలంగాణ ‘వచ్చిండు’కు ఈ ఇబ్బందే లేదు, రాసినట్టే పలుకుతారు. ఆ మాటనేమో ఏళ్ళ తరబడి వెక్కిరించాం. ఇది తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

ఇక ఆ మొదటి ర్యాంకు కొరియన్ లిపి. 1443లో సెజోంగ్ రాజు రూపొందించి, 1446లో జనం చేతికి ఇచ్చాడు. చైనా అక్షరాలు నేర్చుకోలేని మామూలు మనిషి కోసం చేసిన లిపి. న ధ్వనికి రాసే అక్షరం, నాలుక కొస పైకి లేచి తగిలే ఆకారం. మ ధ్వనికి నోటి ఆకారం. చూస్తే దండం పెట్టాలనిపిస్తుంది. మన వర్ణమాల కూడా ఇదే నోటిని చదివింది: క నుంచి ప దాకా గొంతులో మొదలై పెదవుల దగ్గర ఆగుతుంది. మనవాళ్ళు వరుసలో పెట్టిన జ్ఞానాన్ని వాళ్ళు బొమ్మలో పెట్టారు. ఇందులో ఎవరికి ఎన్ని మార్కులు వేస్తారు? పైగా వాళ్ళూ రాసినట్టు పలకరు. స్వాతంత్ర్యం అనే మాటను ‘దోక్‌-రిప్’ అని రాస్తారు, ‘దోంగ్‌నిప్’ అంటారు. మాట మూలం కంటికి కనపడాలని అలా ఉంచుకున్నారు, ఆ తేడా పిల్లలకు బళ్ళో నేర్పుతారు. దాచుకోరు.

మన లిపిలో పోయినవాటి లెక్క కూడా ఉంది. గుఱ్ఱంలో బండి ఱ ఒకప్పుడు వేరే ధ్వని. ధ్వని పోయింది, అక్షరం పాత పుస్తకాల్లో మిగిలింది. రేనాటి చోళుల కాలం నాటి కడప ప్రాంతపు శాసనాల్లో ఴ అనే అక్షరం ఉంటుంది. అది ధ్వనితో సహా పోయింది, చాలాచోట్ల డగా మారి. తమిళులు ఇప్పటికీ కోఴి, ఏఴు అంటారు. మన కోడి, మన ఏడు. ఒక అక్షరం పోయిన చోట నిలబడి చూస్తే పక్కింటి భాష ఎంత దగ్గరో తెలుస్తుంది.

ఆగస్టు 29 గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు. జనం నోట్లో ఉన్న తెలుగు పుస్తకంలోకి రావాలని పోరాడిన మనిషి. పర్లాకిమిడిలో ఉండి సవర గిరిజనుల దగ్గర కూర్చుని వాళ్ళ భాష విని, నేర్చుకుని, నిఘంటువు రాసిన మనిషి. జీవితమంతా చెవి ఒగ్గి విన్నారాయన. ఆయన పుట్టినరోజున మనం ర్యాంకులు పంచుకుంటున్నాం. బాబాయ్, మీరు ఇది చదివితే కోపం తెచ్చుకోకండి. వచ్చే ఏడాది ఆ మెసేజ్ బదులు, మీరు చందమామ అంటూ ఒక వాయిస్ రికార్డు పెట్టండి. మీ నోట ఆ చ ఎంత బాగుంటుందో మీకు తెలియదు.

మా మేనకోడలికి పోయిన శనివారం సంగతంతా చెప్పాను. "నువ్వే కరెక్ట్, అది వేరే లెటరే" అన్నాను. పెన్సిల్ తీసుకుని తన పుస్తకంలో నేను పళ్ళతో పలికిన ప్రతి చ మీదా చిన్న నక్షత్రం గీసుకుంటూ పోయింది. చాప, చుక్క, చలి, చదువు. కాసేపటికి తల ఎత్తి, "అత్తా, చాక్లెట్‌కి స్టార్ ఉందా?" అంది.

లేదన్నాను. రెండుసార్లు తనే పలికి చూసుకుని, "అవును, లేదు" అంది.