మూడు కాగితాలుంటే నేల గట్టిపడదు

బెంగళూరులోని తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తెగ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: "సైటు గానీ ఫ్లాటు గానీ కొనేటప్పుడు చెరువు, రాజకాలువె అని భయపడి మంచి బేరం వదులుకోకండి. రెరా నంబరు, ఏ ఖాతా, బ్యాంకు లోను మూడూ ఉన్నాయంటే ఆ భూమిని చూడవలసినవాళ్లు చూసినట్టే. ఎండిపోయిన చెరువు చెరువు కాదు. బఫర్ జోన్‌ను సుప్రీంకోర్టు 2019లోనే కొట్టేసింది. పల్లంగా ఉంటే నాలుగడుగులు మట్టి పోయిస్తే సరి. మట్టి పరీక్ష బిల్డరు ఎలాగూ చేయిస్తాడు. మెజెస్టిక్ బస్టాండు కూడా చెరువులోనే కట్టారు, మునిగిపోయిందా?" చివర్లో, మనవాళ్లందరికీ పంపమని ఒక విన్నపం. (రాజకాలువె అంటే వాననీటిని మోసే పెద్ద కాలువ. బఫర్ జోన్ అంటే చెరువుకూ కాలువకూ పక్కన కట్టకుండా వదలవలసిన జాగా.)

పంపుతున్నవాళ్ల మీద నాకు కోపం లేదు. చాలామంది మేలు చేస్తున్నామనుకునే పంపుతున్నారు. కానీ ఈ మాటలు నమ్మి అనంతపురంలోనో మదనపల్లెలోనో ఉన్న పొలం అమ్మి, ఆ డబ్బుకు ఇరవై ఏళ్ల అప్పు కలిపి ఇక్కడ ఇల్లు కొనే కుటుంబాలున్నాయి. పునాదుల కింద మట్టిని పరీక్షించే వృత్తిలో ఉన్నవాడిగా దీన్ని చూస్తూ ఊరుకోవడం నాకు తప్పనిపించింది. ఒక్కొక్కటే తీసుకుంటాను.

"మూడు కాగితాలుంటే భూమిని పరిశీలించినట్టే." ఈ సందేశంలో అన్నిటికన్నా హాని చేసే మాట ఇదే.

రెరా నంబరు భూమికి ఇచ్చే యోగ్యతాపత్రం కాదు. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం (రెరా) నాలుగో సెక్షన్ ప్రకారం, భూమి మీద తనకు హక్కు ఉందని బిల్డరే ప్రమాణపత్రం ఇస్తాడు. అయిదో సెక్షన్ ప్రకారం ఆ దరఖాస్తును 30 రోజుల్లో ఆమోదించాలి, లేదా తిరస్కరించాలి. ఆ గడువులో ఏదీ తేల్చకపోతే ప్రాజెక్టు నమోదైనట్టే లెక్క. ఆ స్థలంలో బోరు వేసి మట్టి చూడాలని, వాన పడితే నీరు ఎటు పారుతుందో చూడాలని చట్టం రెరా అధికారులను అడగలేదు. అది కొనేవాడికీ కట్టేవాడికీ మధ్య లావాదేవీని కాపాడే చట్టం. డబ్బు దారి మళ్లకుండా, గడువు దాటకుండా చూడటానికి పనికొస్తుంది. పైగా 500 చదరపు మీటర్లకు మించని స్థలానికీ, ఎనిమిది ఫ్లాట్లకు మించని కట్టడానికీ ఆ నమోదు కూడా అక్కరలేదు.

ఖాతా అంటే పన్ను లెక్క. ఆ ఆస్తికి ఎవరు పన్ను కట్టాలో అది చెబుతుంది. నిబంధనల ప్రకారం ఉన్న ఆస్తికి ఇచ్చే ఏ ఖాతా, అలా లేనిదానికి ఇచ్చే బి ఖాతా కన్నా మేలన్నది నిజమే, కానీ నేల గురించి రెండూ ఏమీ చెప్పవు.

ఇక బ్యాంకు. బ్యాంకు తరఫు లాయరు సాధారణంగా వెనక్కి 30 ఏళ్ల లింకు పత్రాలు, ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) చూస్తారు. విలువ కట్టే ఇంజినీరు స్థలం ధర, కట్టడం స్థితి చూస్తారు. ఒక చెరువు శిఖాన్ని, అంటే నీరు నిలిచే మేరను, 1980ల్లో పూడ్చి ముక్కలు చేసి అమ్మారనుకోండి. ఇవాళ 30 ఏళ్లు వెనక్కి వెళ్తే కనిపించేవి శుభ్రమైన సేల్ డీడ్‌లు మాత్రమే. ఆ వెతుకులాట మొదలయ్యే తేదీకే చెరువు కాగితాల్లోంచి జారిపోయి ఉంటుంది. ఈసీ కూడా రిజిస్టరైన లావాదేవీలనే చూపిస్తుంది, నీటిని చూపించదు. పైగా బ్యాంకు ఇచ్చే అప్పుకు మొదటి భరోసా మీ జీతం. ఇల్లు పోయినా వాయిదా ఆగదు.

2016 ఆగస్టులో ఇదే నగరంలో ఇది కళ్ల ముందు జరిగింది. జులై ఆఖరి వానకు కోడిచిక్కనహళ్లి ప్రాంతం మునిగాక, పాత గ్రామపటాల ఆధారంగా రాజకాలువెల గీతలు మళ్లీ గీసి, వాటి మీద ఉన్న ఇళ్లను అప్పటి నగరపాలక సంస్థ బీబీఎంపీ కూల్చింది. ఆ ఇళ్లవాళ్లలో మంజూరైన ప్లాను, ఖాతా, పన్ను రసీదులు, బ్యాంకు అప్పు అన్నీ ఉన్నవాళ్లున్నారు. ప్లాను మంజూరు చేసిందీ, పన్ను తీసుకున్నదీ, కూల్చిందీ ఒకే సంస్థ. ఆ కుటుంబాల బాధ తలుచుకుంటే ఈ సందేశంలోని ధీమా భరించలేకపోతున్నాను. 2024లో హైదరాబాద్‌లో చెరువుల ఆక్రమణల మీద హైడ్రా సంస్థ కూల్చివేతలు మొదలైనప్పుడు ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీరు చేరే హద్దు) అనే మాట తెలుగు ఇళ్లన్నిటిలో వినిపించింది. ఆ భయం బెంగళూరు రాగానే మరచిపోవలసినది కాదు.

"ఎండిన చెరువు చెరువు కాదు." చట్టం దృష్టిలో చెరువే. 2001లో హించ్ లాల్ తివారీ కేసులో సుప్రీంకోర్టు, చెరువు భూమిని ఇళ్ల స్థలాలకు కేటాయించడం చెల్లదని, దాన్ని చెరువుగానే కాపాడాలని తేల్చింది. కొంత భాగం ఎండిపోయిందన్న వాదన అక్కడ నిలబడలేదు. 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో ఇంకా ముందుకు వెళ్లింది. పంజాబ్‌లో ఒక ఊరి చెరువును పూడ్చి ఇళ్లు కట్టుకున్నవాళ్లు, బోలెడు డబ్బు ఖర్చు పెట్టాం కాబట్టి క్రమబద్ధీకరించమన్నారు. కోర్టు ఒప్పుకోలేదు. ఇంటి మీద పెట్టిన ఖర్చు హక్కుగా మారదన్నమాట.

చట్టం పక్కన పెట్టినా, చెరువు ఎండటమంటే ఏమిటి? పై నుంచి వచ్చే కాలువ తెగిపోయి ఉంటుంది, లేదా వానలు తగ్గి ఉంటాయి. ఆ గుంత మాత్రం అక్కడే ఉంటుంది. రాయలసీమలో పుట్టినవాళ్లకు ఇది ఎవరూ చెప్పనక్కరలేదు. పదేళ్లు ఇసుక తప్ప ఏమీ కనిపించని వంకకు ఒక్క రాత్రి నీళ్లొస్తే ఏమవుతుందో మన పెద్దలందరికీ తెలుసు.

"సుప్రీంకోర్టు బఫర్ ఎత్తేసింది." ఇది పూర్తిగా తప్పు. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 మే నెలలో, అగర, బెల్లందూరు చెరువుల మధ్య వస్తున్న ప్రాజెక్టుల కేసులో, చెరువు చుట్టూ 75 మీటర్లు, రాజకాలువెలకు వాటి స్థాయిని బట్టి 50, 35, 25 మీటర్లు వదలాలని నగరమంతటికీ ఆదేశించింది. మాస్టర్ ప్లాన్‌లోని దూరాలను మార్చే అధికారం ట్రిబ్యునల్‌కు లేదని 2019 మార్చిలో సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని పక్కన పెట్టింది. దానితో 2015 మాస్టర్ ప్లాన్ దూరాలే మళ్లీ వర్తించాయి: చెరువుకు 30 మీటర్లు, కాలువలకు మధ్యగీత నుంచి 50, 25, 15 మీటర్లు. రద్దయినది అదనపు దూరం, బఫర్ కాదు. ప్రభుత్వాలు ఈ అంకెలను మార్చవచ్చు, కాబట్టి కొనే రోజున ఏది అమల్లో ఉందో అడిగి రాతపూర్వకంగా తీసుకోవాలి. అయితే చట్టం వదలమన్న దూరం వేరు, నీరు ఆక్రమించే దూరం వేరు. 2022 సెప్టెంబరు మొదటి వారంలో ఒక్క రోజులో 130 మిల్లీమీటర్లకు పైగా వాన పడినప్పుడు, యెమలూరులో, సర్జాపుర రోడ్డు పక్కన కోట్ల విలువ చేసే విల్లాల నుంచి మనుషులను పడవల్లో, ట్రాక్టర్లలో బయటికి తెచ్చారు. అన్ని అనుమతులూ ఉన్న ఇళ్లలోకీ ఆ నీళ్లు వచ్చాయి.

"నాలుగడుగులు మట్టి పోయిస్తే సరి." ఇది నా వృత్తికి సంబంధించిన మాట కాబట్టి ఇక్కడ కొంచెం నిలబడాలి.

బెంగళూరులో మిట్టల మీద ఉన్న ఎర్రమట్టి, దాని కింద శిథిలమైన గ్రానైటు, నైస్ రాయి పునాదికి మంచివి. అందుకే ఇక్కడి నేల గట్టిదని ఒక పేరుంది. ఆ పేరు చెరువు అడుగుకు వర్తించదు. అక్కడ వందల ఏళ్లుగా పేరుకున్న మెత్తని ఒండ్రు, నల్లని బంకమట్టి ఉంటాయి. దాని మీద నాలుగడుగుల మట్టి పోశారంటే ఆ బంకమట్టి మీద కొత్త బరువు పెట్టారన్నమాట. బరువు పడగానే అందులోని నీరు మెల్లమెల్లగా బయటికి పోతుంది, పొర కుంగుతుంది. ఇది నెలల్లో అయిపోదు, ఏళ్లు పడుతుంది. ఇల్లు అంతా ఒకేలా కుంగితే కొంత నయం. ఒక మూల గట్టినేల మీద, ఇంకో మూల పూడిక మీద ఉంటే గోడలు ఏటవాలుగా పగులుతాయి, తలుపులు పట్టేస్తాయి. తెచ్చి పోసేది కూడా చాలాచోట్ల మంచి మట్టి కాదు. కూల్చిన ఇళ్ల ఇటుక ముక్కలు, ప్లాస్టిక్, చెత్త కలిసిన దిబ్బ. పొరలు పొరలుగా పోసి, తగినంత తడిపి, రోలరుతో దిమ్మిస చేసిన పూడిక నాకు అరుదుగానే కనిపిస్తుంది.

పైల్ పునాదులు, అంటే లోతుగా దించే స్తంభాలు, వేస్తాం కదా అంటారు. వేయవచ్చు, వేయాలి కూడా. కానీ కుంగుతున్న పూడిక పైల్‌ను అంటిపెట్టుకుని కిందికి లాగుతుంది. ఆ అదనపు భారాన్ని లెక్కలో వేయకపోతే, ఇంటిని మోయవలసిన పైల్ మట్టినీ మోయవలసి వస్తుంది. బేస్‌మెంట్ సంగతి ఇంకొకటి. నేలలో నీటిమట్టం బేస్‌మెంట్ అడుగుకు పైన ఒక్క మీటరు పెరిగితే, ప్రతి చదరపు మీటరు మీద ఒక టన్ను బలం పైకి తోస్తుంది. మూడు మీటర్లయితే మూడు టన్నులు. పల్లంలో కార్లు పెట్టడానికి రెండంతస్తులు తవ్విన చోట ఈ లెక్క ఎవరు చేశారో అడగాలి.

ఇంకో మాట. మీ స్థలాన్ని ఎత్తు చేస్తే నీరు మాయం కాదు, పక్కింటికి పోతుంది. వాళ్లూ ఎత్తు చేస్తారు, తరవాత రోడ్డూ ఎత్తు పెరుగుతుంది. కిందనున్న డ్రైనేజీ గొట్టం మాత్రం పాత ఎత్తులోనే ఉంటుంది. వరదలో అది వెనక్కి తన్ని మరుగుదొడ్డిలోంచి ఇంట్లోకి వస్తుంది.

"మట్టి పరీక్ష బిల్డరు చేయిస్తాడు." చేయిస్తే మంచిదే. నివేదిక చూపించమనండి. మేము చేసే ముఖ్య పరీక్షలో 63.5 కిలోల బరువును 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పదేపదే వదులుతాం. గొట్టం నేలలోకి 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టాయో అదే ఎన్ విలువ. మొదటి నాలుగైదు మీటర్లలో ఆ అంకె అయిదు లోపే ఉండి, మట్టి వర్ణనలో పూడిక, బంకమట్టి అని రాసి ఉంటే ఇంజినీరును అడగకుండా ముందుకు వెళ్లవద్దు. ఎన్ని చోట్ల బోర్లు వేశారో కూడా చూడండి. సుమారు ఒక ఎకరం స్థలానికి నాలుగు మూలలా నాలుగు, మధ్యలో ఒకటి ఉండాలన్నది ఇంజినీర్లు చాలాకాలంగా పాటిస్తున్న ఐఎస్ 1892 ప్రమాణం. బోర్లన్నీ నేల గట్టిగా ఉన్న ఒకే వైపు వేసి తెచ్చిన నివేదిక పల్లపు వైపు గురించి ఏమీ చెప్పదు.

ఈ పరీక్ష నేల బలాన్నే చెబుతుంది, నేలలోని విషాన్ని చెప్పదు. బెంగళూరు పారిశ్రామిక ప్రాంతం పీణ్యలో లోహాలకు పూత పూసే పరిశ్రమల వల్ల భూగర్భ జలంలో క్రోమియం కలిసిన సంగతి తెలిసిందే. పాత షెడ్లు కూల్చి అపార్ట్‌మెంట్లు కడుతున్న చోట, అక్కడ ఇదివరకు ఏం తయారయ్యేదో అడగడం కొనేవాడి హక్కు. నగరం శివార్లలో పాత రాతి క్వారీలను చెత్తతో నింపారు. మండూరు, మావళ్లిపుర చెత్తదిబ్బల వల్ల ఆ ఊళ్లు పడిన కష్టం ఇంకా మరుపులోకి పోలేదు. మూసిన చెత్తలోంచి ఏళ్ల తరబడి మీథేన్ వస్తుంది. మూసి ఉన్న గదిలో గాలిలో అది 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే నిప్పురవ్వతో పేలుతుంది. ఇంత చూడవలసిన పర్యావరణ అనుమతి 2006 నోటిఫికేషన్ ప్రకారం 20,000 చదరపు మీటర్లు, ఆపైన నిర్మించే ప్రాజెక్టులకే. మన మధ్యతరగతి ఎక్కువగా కొనే ఇరవై, ముప్పై ఫ్లాట్ల భవనాలు ఆ గీతకు కిందే ఉండిపోతాయి. వాటి నేలను ఎవరూ ఆ కంటితో చూడరు.

"మెజెస్టిక్ మునిగిందా?" ధర్మాంబుధి చెరువు మీద మెజెస్టిక్ బస్టాండు, సంపంగి చెరువులో కంఠీరవ స్టేడియం వచ్చిన మాట నిజం. అవి నగరం నడిబొడ్డున, వాలుకు పైభాగంలో, కొద్దిపాటి మేర నుంచి నీరు చేరే చెరువులు. బెల్లందూరు, వర్తూరు కోరమంగళ–చల్లఘట్ట లోయకు అడుగున ఉన్నాయి. ఆ లోయలో పైన పూడ్చిన ప్రతి చెరువు ఆపవలసిన నీరూ ఇప్పుడు అక్కడికే వస్తోంది. పైవాడికి ఏమీ కాలేదన్నది కిందివాడికి ధైర్యం చెప్పే మాట కాదు.

ఇదంతా చెబితే, ఇన్ని చూస్తూ కూర్చుంటే ఈ జన్మలో ఇల్లు కొనలేమని కొందరంటారు. అంత పని కాదు. కర్ణాటక ప్రభుత్వపు దిశాంక్ యాప్‌లో ఆ స్థలంలో నిలబడి చూస్తే సర్వే నంబరు, పక్కనున్న చెరువు, కాలువ గీతలు కనిపిస్తాయి. పాత గ్రామపటం నకలు, ఆర్‌టీసీలో (భూమి హక్కుల, పంటల వివరాల పత్రం) ఖరాబు, అంటే సాగులో లెక్కించని నేల, ఎంతో రాసిన గడి చూడండి. గూగుల్ ఎర్త్‌లో పాత ఏళ్ల ఉపగ్రహ చిత్రాలు ఉచితం. జోరువాన కురిసిన మరునాడు స్థలానికి వెళ్లి, పక్కవాళ్ల బేస్‌మెంట్‌లో పంపు నడుస్తోందా చూడండి. ఆ ఊళ్లో పుట్టిన పెద్దవాళ్లను, వాళ్లలో తెలుగు మాట్లాడేవాళ్లు చాలామందే ఉంటారు, ఇక్కడ ఇదివరకు ఏం పండేదని అడగండి. వరి పండేదంటే అది నీరు నిలిచే నేల.

అడ్వాన్సు ఇవ్వకముందే రెండు రాతలు కోరండి. మట్టి పరీక్ష నివేదిక పూర్తి ప్రతిని ఒప్పందానికి జతచేయాలని ఒకటి. ఆ సర్వే నంబరులో చెరువు, కాలువ, వాటి బఫర్ ఏ భాగానా లేవని బిల్డరు సంతకంతో ప్రకటన రెండోది. భూమి హక్కులో లోపం వల్ల కొన్నవాడికి నష్టం జరిగితే బిల్డరు పరిహారం ఇవ్వాలని, ఆ దావాకు కాలపరిమితి అడ్డురాదని రెరా చట్టం 18వ సెక్షన్ చెబుతోంది. ఆ రోజు వస్తే ఆ ప్రకటన మీ చేతిలో సాక్ష్యంగా ఉంటుంది. సంతకం పెట్టనని బిల్డరు అంటే, అడ్వాన్సు ఇంకా మీ దగ్గరే ఉంది.