ఎలుగుబంటి రెండోసారి

నేను వార్తాపత్రికలో శీర్షికలు చూసి మిగతాది ఊహించుకునే రకం. అలాంటివాడి చేతిలో మా బావమరిది టాల్‌స్టాయ్ ‘యుద్ధము-శాంతి’ పెట్టి, "నువ్వు వంద పేజీలు చదివితే గుండు కొట్టించుకుంటాను బావా" అన్నాడు. వాడి ఉంగరాల జుట్టు మీద నాకు ఎప్పటినుంచో కన్ను. పుచ్చుకున్నాను.

1869లో పూర్తిగా అచ్చయిన ఆ నవలలో 361 అధ్యాయాలు. రోజుకొకటి చొప్పున ఏడాది పడుతుంది. నాలుగు రోజులు సెలవు కూడా మిగులుతుంది కదా అని సంతోషించాను. పేజీ అంకె చూస్తే మాత్రం గుండె జారిపోయేది. అందుకని అటు చూడకూడదని నియమం పెట్టుకున్నాను. కొంప ముంచింది ఆ నియమమే.

తెరవగానే 1805 జూలై, పీటర్స్‌బర్గ్‌లో ఒక దొరసాని ఇంట్లో విందు. ఆవిడకు దగ్గు. రష్యా నవల అని తెరిస్తే మొదటి మాటే ఫ్రెంచిలో! సరే, గొప్పింటివాళ్ల వ్యవహారం. పేర్ల దగ్గర అసలు చిక్కు వచ్చింది. ఒకచోట పియెర్, ఇంకోచోట ప్యోత్ర్ కిరీలొవిచ్, మరోచోట బెజూహొవ్. నేను ముగ్గురికీ మూడు ముఖాలు ఊహించి పెట్టుకున్నాను, ఒకాయనకు మీసాలు కూడా ఇచ్చాను. తీరా ముగ్గురూ ఒక్కడే! మిగిలిన ఇద్దర్నీ ఏం చేసుకోవాలో తెలియలేదు. అనుమానం వచ్చిన ప్రతి పేరు పక్కనా పెన్సిలుతో ‘ఎవరీయన?’ అని రాసుకుంటూ ముందుకు సాగాను.

మాస్కోలో రొస్తొవ్‌ల ఇంట్లో పేరు పండుగ, అంటే తమ పేరున్న పునీతురాలి రోజున జరుపుకునే వేడుక. తల్లి పేరూ నటాల్యా, చిన్న కూతురి పేరూ నటాల్యానే. ఆ సందడిలోనే ఒకావిడ చెబుతుంది: పియెర్, వాడి స్నేహితులు కలిసి పోలీసు అధికారిని ఎలుగుబంటికి వీపులు కలిపి కట్టి నదిలో వదిలారట. పడీ పడీ నవ్వాను. ఇన్నేళ్లూ ఈ మహా గ్రంథానికి దూరంగా ఉన్నందుకు కాస్త సిగ్గు కూడా పడ్డాను. ఆ ఉత్సాహంతో రాత్రి విందూ నాట్యమూ దాటి, పియెర్ తండ్రి అయిన ముసలి ప్రభువు చావుబతుకుల్లో ఉన్న చోట ఆపి, గుర్తుగా కరెంటు బిల్లు పెట్టాను.

మూడు రోజుల తరువాత గుర్తు ఉన్నచోట తెరిస్తే మళ్లీ పేరు పండుగ! ఉన్నవాళ్లకు పండుగలకేం కొదవ అనుకున్నాను. ముసలి ప్రభువు జబ్బు గురించి మళ్లీ మాటలు. తిరగబెట్టింది కాబోలు. కాసేపటికి మళ్లీ ఎలుగుబంటి, మళ్లీ పోలీసు అధికారి. మొదటిసారి తడిసినా ఈ పోలీసులకు బుద్ధి రాలేదే అని జాలిపడ్డాను. ఒక పేరు పక్కన ‘ఎవరీయన?’ అని కనిపించింది. పుస్తకం బావమరిదిది. అంటే వాడూ ఇక్కడే తడబడ్డాడన్నమాట! కడుపు నిండిపోయింది.

ఆదివారం వాడు రాగానే అందుకున్నాను. "ఎలుగుబంటి కథ టాల్‌స్టాయ్ రెండుసార్లు ఎందుకు చెప్పించాడో నీకు తట్టిందా? శ్రీమంతుల కబుర్లలో కొత్తదనం ఉండదని చూపడానికి. అది శిల్పం!"

"రెండుసార్లా?" అన్నాడు వాడు.

"నీకెలా తెలుస్తుందిలే. మనుషుల పేర్లే తెలియక పెన్సిలుతో రాసుకున్నావు."

పుస్తకం అందుకుని చూశాడు. "నా పుస్తకాల్లో నేను గీతలు గీయను బావా. ఈ తలకట్టు తెగిన ‘వ’ నీది."

వంటింట్లోంచి మా ఆవిడ గొంతు వినిపించింది. "కరెంటు బిల్లా? కట్టడానికి తీసుకుని మళ్లీ ఉన్నచోటే పెట్టానండీ... సుమారుగా."

ఇద్దరూ నవ్వడం మొదలుపెట్టారు. "పోనీలెండి, ఆయన రాసిందంతా భార్య సోఫియా చేత్తో ఎన్నిసార్లో తిరగరాసిందట. మీరు రెండుసార్లు చదివితే ఏం అరిగిపోయారు?" అంది మా ఆవిడ.

నేను మాత్రం నియమం పక్కనపెట్టి అప్పుడే పేజీ అంకెలు చూస్తున్నాను. మొదటిసారి డెబ్బయ్యో పేజీ దాకా వెళ్లాను. బిల్లు నన్ను ముప్పై ఆరుకు లాక్కొచ్చింది. అక్కణ్నుంచి మళ్లీ డెబ్బై. అంటే చదివినవి నూట అయిదు.

"వంద వేరు వేరు పేజీలు అని నువ్వు అన్నావా?" అని అడిగాను.

వాడి చెయ్యి మెల్లగా ఉంగరాల జుట్టు మీదికి వెళ్లింది.