సవరణ: ఇరాక్ 2005 ఎన్నికల పోలింగ్ గురించి

ఇరాక్ యుద్ధం మీద మొన్న పెట్టిన పోస్టులో "2005 జనవరి 30న జనం భయంతో ఓటుకు రాలేదు" అనే వాక్యం ఉంది. గడ్చిరోలి జిల్లా సిరొంచ మిత్రులు కొందరు దాన్నే షేర్ చేస్తున్నారు కాబట్టి ఈ సవరణ. దేశం మొత్తం మీద సుమారు 58 శాతం పోలింగ్ జరిగింది. పోలింగ్ పడిపోయింది సున్నీ ముస్లింలు ఎక్కువగా ఉన్న చోట్ల. అన్బర్ ప్రావిన్స్‌లో అయితే 2 శాతమే.

భయం లేదని కాదు. 2004 డిసెంబరులో బాగ్దాద్ హైఫా వీధిలో ముగ్గురు ఎన్నికల ఉద్యోగులను పట్టపగలు కారులోంచి లాగి కాల్చేశారు. జనవరి 4న బాగ్దాద్ గవర్నర్ అలీ అల్-హైదరీని చంపారు. కానీ 2004 నవంబరులో అన్బర్‌లోని ఫల్లూజా నగరంపై అమెరికా దాడి జరిగాక సున్నీ మతపెద్దలు బహిష్కరణకు పిలుపునిచ్చారు. భయపడి ఇంట్లో ఉన్నదెవరో, కోపంతో ఉన్నదెవరో పోలింగ్ శాతం చెప్పదు. ఈ సంగతి మన గడ్చిరోలి వాళ్లకు చెప్పాలా? ఓటు వేయొద్దనే అన్నల (మావోయిస్టుల) పోస్టర్లు, హెలికాప్టర్ దిగే పోలింగ్ సిబ్బంది, మూడింటికే ముగిసే ఓటింగ్ మనకు తెలిసినవే. పోలిక అక్కడివరకే. మన దగ్గరికి పరాయి సైన్యం రాలేదు.

"ఎన్నికలతో గొడవ సద్దుమణిగింది" అన్న ముక్క కూడా తీసేశాను, కోపానికి కారణాలు అలాగే ఉన్నాయి కాబట్టి. 2003లో అమెరికా ఏ సామూహిక విధ్వంసక ఆయుధాల పేరు చెప్పి ముందస్తు దాడికి దిగారో అవి దొరకనే లేదు. ఈ ఎన్నికలతో ఏర్పడిన, సున్నీలు కొద్దిమందే ఉన్న సభ చేతికి రాజ్యాంగ రచన వెళ్లింది. 2005 అక్టోబరులో ఆ రాజ్యాంగంపై జరిగిన రెఫరెండంలో అన్బర్ జనం ఈసారి బూత్‌లకు వచ్చి మరీ దాన్ని తిరస్కరించారు.